‘ఇట్లియ్యి’ అన్నా ఫోను చేతికియ్యొద్దు

ప్రశ్న: సార్, మాది ఉరవకొండ. నాకు యాభై తొమ్మిదేండ్లు. మా ఆయన మగ్గం నేస్తాడు. నేను ఏడో తరగతి దాకా చదివినా. తెలుగు బాగా చదువుతా, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటా. బెంగళూరులో ఉండే మా అబ్బోడు పండక్కొచ్చి పెద్ద ఫోను కొనిచ్చి పోయినాడు. అంతవరకు బటన్ ఫోనే. ఇది నేర్చుకోవాలని ఉంది గానీ ఎవర్ని అడిగినా ‘ఇట్లియ్యి’ అని తీసుకొని టకటకా నొక్కి ఇచ్చేస్తారు. ఏం నొక్కినారో నాకు తెలీదు. మరుసటి రోజు మళ్లా అదే కత. పక్కింట్లో డిగ్రీ చదివే పాప ఉంది, ఎన్నిసార్లని పోయేది? కొడుక్కు చేస్తే ‘మా, మీటింగులో ఉండా’ అంటాడు. సెల్లంగడాయన మూడు నూర్లిస్తే అన్నీ నేర్పిస్తా అంటాండాడు. ఇయ్యొచ్చునా? ఎవర్ని అడగాల, ఎట్ల అడగాల? పాత ఫోను ఏం చేసుకోవాల?
– ఒక పాఠకురాలు, ఉరవకొండ, అనంతపురం జిల్లా

సమాధానం: అక్కా, మీ ఫోనును లాక్కునేవాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. ఆ పాపకు మీ పని చేసిపెట్టడం పది సెకండ్ల పని. అదే పని మీకు నేర్పించాలంటే పావుగంట. పైగా మనం అడిగే తీరు కూడా అట్లే ఉంటుంది. ‘ఈ ఫోను ఏమైందో కొంచెం చూడు పాపా’ అంటాం. చూడమన్నాం కాబట్టి చూస్తుంది, బాగుచేసి ఇస్తుంది, మనం ‘దేవుడి బిడ్డవి’ అని దీవించి వస్తాం. పని అడిగినాం, పని అయింది. నేర్పమని మనం అడిగిందెక్కడ?

మీ ఇంట్లో మగ్గం ఉంది కాబట్టి మీకు వేరే చెప్పనక్కరలేదు. గుంటలో కూర్చొని కాళ్లు ఆడించకుండా, పక్కన నిలబడి చూసినంత మాత్రాన నేత ఎవరికి వచ్చింది? ఫోను కూడా వేలికి రావాల్సిందే, కంటితో చూస్తే రాదు. అందుకే మొదటి షరతు: నేర్చుకునేటప్పుడు ఫోను మీ అరచేతిలోనే ఉండాల. చెప్పేవాళ్లు నోటితో చెప్పాల, మహా అయితే వేలితో చూపించాల. వాళ్ల చెయ్యి ముందుకొస్తే ఫోను మీ వైపు లాక్కొని నవ్వండి. ‘నువ్వు నోటితో చెప్పు, నేనే నొక్కుతా’ అనండి. రెండుసార్లు అంటే పిల్లలకు అర్థమైపోతుంది. మొదట్లో వాళ్లకు చేతులు ఊరుకోవు, అది వాళ్ల బాధ.

రెండోది, ‘ఫోను నేర్పించు’ అని ఎవర్నీ అడగొద్దు. అంత పెద్ద ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేదు. ఒక్క పని పట్టుకోండి, అదీ మీకు నిజంగా కావలసిన పని. కొడుకు బెంగళూరులో ఉన్నాడు కాబట్టి మీరైతే వాట్సాప్‌లో వీడియో కాల్‌తో మొదలుపెట్టొచ్చు. ఆ పాప దగ్గరకు పోయి, ‘పాపా, మా అబ్బోనికి వీడియో కాల్ నా అంతట నేను చేయాల. ఈ ఒక్కటే ఈ పొద్దు. పావుగంట ఉంటావా, రేపు రమ్మంటావా?’ అని అడగండి. పని ఎంతో, ఎంతసేపు పడుతుందో ముందే తెలిస్తే ఎవరూ విసుక్కోరు. కూర్చుంటే ఎప్పుడు వదులుతారో తెలీనప్పుడే తప్పించుకొని తిరుగుతారు.

ఇక్కడ ఒక మోసం జరుగుతుంటుంది, ఎవరూ కావాలని చేసేది కాదు. పాప వాట్సాప్ తెరిచి పెట్టి ‘ఇదో ఇక్కడ నొక్కు పెద్దమ్మా’ అంటుంది. మీరు నొక్కుతారు, కాల్ పోతుంది, ఇద్దరికీ సంతోషం. ఇంటికొచ్చి చూస్తే తెర నల్లగా ఉంటుంది. ఆ నల్ల తెర నుంచి వాట్సాప్ దాకా ఎట్ల పోవాలో మీకు చెప్పినవాళ్లే లేరు. అందుకని ప్రతి పాఠమూ ఆరిపోయిన తెరతోనే మొదలు కావాల. పక్కన గుండీ నొక్కడం, లాక్ తీయడం, పచ్చ గుర్తు వెతకడం, కొడుకు పేరు, వీడియో గుర్తు, మాట్లాడినాక ఎర్ర గుర్తు నొక్కి పెట్టేయడం, మళ్లీ మొదటి తెరకు రావడం. ఇంతా కలిపి ఒక పని. పాప ముందరే రెండుసార్లు చేయండి. మూడోసారి ఆమెను నోరు మూసుకొని కూర్చోమనండి. మీరు ఆగిపోయిన చోట కూడా వెంటనే చెప్పొద్దనండి. మీరు వెతుక్కున్న ఆ అర నిమిషంలో తలకెక్కేది, ఆమె పదిసార్లు చెప్పినా ఎక్కదు.

పొదుపు సంఘం మీటింగుకు తీసుకుపోయే పుస్తకం ఉంటుంది కదా, దాని వెనక పేజీల్లో రాసుకోండి. రాసేటప్పుడు ‘ఇది నొక్కాల, తర్వాత అది నొక్కాల’ అని రాసుకుంటే రెండో రోజుకే మీకు అర్థం కాదు. నొక్కితే ఏం కనబడుతుందో కూడా రాయండి: ‘పచ్చ గుండ్రం నొక్కితే పేర్ల పట్టీ వస్తుంది’. అట్ల రాస్తే తప్పు దారిలో పోయినప్పుడు మీకే తెలిసిపోతుంది, పేర్ల పట్టీ రాలేదే అని. అక్షరం చదవడం కష్టమైన చోట బొమ్మ గీసుకోండి. చక్రం బొమ్మ ఉంటే సెట్టింగులు, మూడు చుక్కలుంటే లోపల ఇంకా ఉన్నాయని గుర్తు.

ఫోను తెలుగులో పెట్టుకోవాలా, ఇంగ్లీషులో ఉంచాలా అనే తకరారు ప్రతి ఇంట్లో ఉంది. మీరు తెలుగు బాగా చదువుతారు కాబట్టి తెలుగే పెట్టుకోండని నా మాట. సెట్టింగుల్లో భాష మార్చుకునే వీలుంది. అక్షరాలు పెద్దవి చేసుకునే వీలు కూడా డిస్‌ప్లే అనే చోట ఉంటుంది, అది మొదటి రోజే చేయించుకోండి. కాకపోతే ఒక చిక్కు: ఇంగ్లీషు ఫోనుకు అలవాటుపడిన మీ కొడుకు తెలుగు మాటలు చూసి తడబడతాడు, ‘ముందు ఇంగ్లీషులోకి మార్చు మా’ అంటాడు. మార్చొద్దు. వచ్చినవాళ్లందరూ తలా ఒక భాష పెట్టిపోతే నేర్చుకున్నది మొత్తం మళ్లా మొదటికే వస్తుంది. బొమ్మ గుర్తులు రెండు భాషల్లోనూ ఒకటే, వాటిని బట్టి చెప్పమనండి.

ఇంకో సంగతి, మీ ఫోను పేరూ మోడలూ పెట్టె మీద చూసి పుస్తకం మొదటి పేజీలో రాసుకోండి. లోపల ఫోనును నడిపించే ఆండ్రాయిడ్ ఒకటే అయినా, ఒక్కో కంపెనీ సెట్టింగులను ఒక్కో తీరుగా సర్దుతుంది. పాప ఫోనులో ఉన్న చోట మీ ఫోనులో అది ఉండకపోవచ్చు. అప్పుడు ‘నాకే రాదు’ అనుకోవద్దు. యూట్యూబులో వెతికేటప్పుడు కూడా మైకు గుర్తు నొక్కి ఫోను పేరుతో కలిపి తెలుగులోనే అడగండి: ‘ఫలానా ఫోనులో అక్షరాలు పెద్దవి చేసేదెట్ల’. నాలుగైదేండ్ల నాటి వీడియో అయితే వదిలేయండి, అప్పటి తెర వేరు, ఇప్పటిది వేరు.

ఇంక కొడుకు. దూరంగా ఉన్న మనిషికి మీ తెర కనబడదు, అసలు కష్టం అదే. ‘ఒరే, వాట్సాప్ పాయె’ అని చెప్తే వాడు చేయగలిగిందేమీ లేదు. మూడు సంగతులు చెప్పండి: నేను చేయబోయిన పని ఇది, నొక్కింది ఇది, ఇప్పుడు తెర మీద ఈ మాటలు కనబడుతున్నాయి. ‘పాపకు ఫోటో పంపబోయినా, క్లిప్పు లాంటి గుర్తు నొక్కినా, అనుమతించాలా అని ఏదో అడుగుతాంది’ అంటే వాడు మీటింగులో ఉండి కూడా ఒక్క ముక్కలో జవాబిస్తాడు. ఇంకా సులువైనది స్క్రీన్‌షాట్. పవర్ గుండీ, సౌండ్ తగ్గించే గుండీ రెండూ ఒకేసారి నొక్కితే చాలా ఫోన్లలో తెర ఫోటో పడుతుంది. అది వాట్సాప్‌లో పంపి, రాత్రి తీరికగా చూడమనండి. ఈ స్క్రీన్‌షాట్ విద్యను వీడియో కాల్ తర్వాత రెండో పాఠంగా పెట్టుకుంటే మిగతా పాఠాలన్నీ సగం తేలికవుతాయి. ఖాతా నంబరు, ఓటీపీ (మెసేజిలో వచ్చే ఒక్కసారి వాడే రహస్య నంబరు) కనబడే తెరను మాత్రం ఎవరికీ పంపొద్దు, కొడుక్కయినా సరే.

వాట్సాప్ వీడియో కాల్‌లోనే మన తెరను అవతలివాళ్లకు చూపించే వీలు కూడా ఇప్పుడుంది. కొడుకు దగ్గర నేర్చుకోవడానికి ఇంతకు మించింది లేదు. దొంగలు వాడేదీ ఇదే. కాబట్టి మీరుగా కొడుక్కు చేసిన కాల్‌లో తప్ప ఇంకెక్కడా తెర చూపించొద్దు. చూపించేటప్పుడు ఫోన్‌పే, బ్యాంకు యాప్ జోలికి పోవద్దు.

పూర్తిగా నేర్పించలేదని కొడుకు మీద కోపం కూడా పెట్టుకోవద్దు. 2017లో కేంద్ర ప్రభుత్వం పల్లెల్లో ఇంటికొకరికి కంప్యూటరు, ఫోను వాడకం నేర్పించే పథకం పెట్టినప్పుడు ఒక్క మనిషికి 20 గంటల శిక్షణ అని లెక్క వేసుకుంది. 14 నుంచి 60 ఏండ్ల వాళ్లకు అది. 2024 మార్చితో ఆ పథకం అయిపోయింది కాబట్టి ఎవరైనా ‘అందులో చేరు’ అంటే తిరగొద్దు. నేను చెప్పొచ్చేది, సర్కారే 20 గంటలు పడుతుందనుకున్న చదువు, పండగ మూడు రోజుల్లో కొడుకు చెప్పిన పది నిమిషాలతో రాలేదని మీరు సిగ్గుపడాల్సిన పని లేదు.

ఏ పనికి ఎవర్ని అడగాలన్నది కొంచెం వేరు చేసుకుందాం. వాట్సాప్, ఫోటోలు, యూట్యూబు, అలారం లాంటివి పక్కింటి పాప చాలు. పెన్షన్లు, సర్టిఫికెట్లు, రేషన్ కార్డు సంగతులైతే మీ గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు ఉంటారు. వీడియో కాల్ నేర్పించడం ఆయన ఉద్యోగం కాదు, కానీ దరఖాస్తు ఎక్కడిదాకా వచ్చిందో మీ ఫోనులోనే చూసుకునే తీరు అడిగితే చూపిస్తారు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన ‘మన మిత్ర’ వాట్సాప్ సేవ ఉంది. 95523 00009 నంబరును ఫోనులో దాచుకొని ‘హాయ్’ అని పంపితే పట్టీ వస్తుంది. వాట్సాప్ చేతికొచ్చిన మనిషికి ఇది మంచి సాధకం. బ్యాంకు యాప్ మాత్రం బ్యాంకులోనే కూర్చొని పెట్టించుకోండి. సిబ్బంది రద్దీ లేని వేళ అడిగి పోండి, ఒకటో తారీఖు పొద్దున పోయి అడిగితే ఎవరైనా విసుక్కుంటారు.

మీ సంఘంలో లెక్కలు రాసే అమ్మాయిని మర్చిపోతున్నారు. ఫోను ఆమెకు రోజూ చేతిలో ఉండే పనిముట్టు, పైగా పెద్దవాళ్లకు ఓపికగా చెప్పడం ఆమెకు అలవాటే. మీటింగు అయిపోయినాక మీలాంటి నలుగురు అక్కలు ఇంకో పావుగంట కూర్చొని వారానికొక పని నేర్చుకోండి. ఒకరు మరిచింది ఇంకొకరికి గుర్తుంటుంది. నా అనుభవంలో ఇంట్లో పిల్లల దగ్గర కంటే ఈడుజోడు వాళ్ల దగ్గరే తొందరగా వస్తుంది, ‘ఇది కూడా తెలీదా’ అనే మాట అక్కడ పుట్టదు.

సెల్లంగడి మూడు నూర్ల మాటకొస్తా. డబ్బిచ్చి నేర్చుకోవడం తప్పేం కాదు, చెప్పేవాని పొద్దుకు విలువ ఉంటుంది. కానీ ‘అన్నీ’ అనే మాటకు మూడు నూర్లు ఇయ్యొద్దు. ఏమేం పనులు, ఎన్ని పూటలు, మీ వేలితోనే చేయిస్తాడా అని ముందు అడగండి. సరేనంటే పూటకింత అని ఇయ్యండి. అంగట్లో గిరాకీ మధ్యలో అయితే మాత్రం నాకు నమ్మకం లేదు, ఆయన కూడా చివరికి ‘ఇట్లియ్యి’ అనే అంటాడు.

అంగట్లో తప్పకుండా ఆరా తీయాల్సిన సంగతి ఇంకొకటుంది: జీమెయిల్. కొత్త ఫోను తెరిచినప్పుడు గూగుల్ ఖాతా అడుగుతుంది. తొందరలో అంగట్లో పిల్లోడు తనకు తోచిన పేరూ పాస్‌వర్డూ పెట్టి, ఒక్కోసారి తన నంబరే ఇచ్చి పని కానిస్తాడు. ఆ కాగితం ఎవరి దగ్గరా ఉండదు. మీ ఫోటోలు, ఫోను నంబర్లు దాచుకునేది ఆ ఖాతాలోనే. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 5.1 నుంచి ఇంకో తాళం కూడా ఉంది: లాక్ మరిచిపోయి అంగట్లో ఫోను మొత్తం చెరిపించినా, తిరిగి తెరిచేటప్పుడు పాత జీమెయిలూ పాస్‌వర్డూ అడుగుతుంది. దొంగలకు పనికిరాకుండా పెట్టిన ఏర్పాటు అది. పాస్‌వర్డు తెలీకపోతే సొంత ఫోనే మనల్ని దొంగలా నిలబెడుతుంది. మీ ఫోను కొడుకు కొన్నాడు కాబట్టి మొదట వాణ్ణే అడగండి: ఇందులో ఎవరి జీమెయిల్ ఉంది, పాస్‌వర్డు ఏంది, మరిచిపోతే ఏ నంబరుకు మెసేజి వస్తుంది? మీ పేరున లేకపోతే మీ పేరున కొత్తది పెట్టించుకోండి. ఆ మూడూ కాగితం మీద రాసి పెట్టెలో బ్యాంకు పుస్తకంతో పాటు దాచండి. ఫోను కవరు వెనకాల చీటీ పెట్టుకునేవాళ్లున్నారు, ఫోనుతో పాటే తాళంచెవి కూడా పోతుంది.

సాయం అడిగేటప్పుడు అసలైన ప్రమాదం గూగుల్‌లో ‘కస్టమర్ కేర్ నంబరు’ అని వెతకడంలో ఉంది. మోసగాళ్లు తమ నంబర్లను అక్కడ కనబడేట్టు పెడతారు. మీరే ఫోన్ చేస్తారు కాబట్టి మీకు అనుమానం రాదు. చక్కటి తెలుగులో మాట్లాడి, ఒక యాప్ వేసుకోమంటారు. ఆ యాప్‌తో మీ తెర వాళ్లకు కనబడుతుంది, వచ్చిన ఓటీపీ మీకంటే ముందు వాళ్లు చదువుతారు. ఇట్లాంటి తెర చూసే యాప్‌ల గురించి రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. కంపెనీ నంబరు కావాలంటే ఫోను పెట్టె మీద, వారంటీ కార్డు మీద చూడండి. బ్యాంకు నంబరు కావాలంటే ఏటీఎం కార్డు వెనక చూడండి. ఇంకా, వాట్సాప్‌లో పెండ్లి పత్రిక అనీ, చలానా అనీ, పథకం డబ్బులనీ ఏపీకే అనే ఫైలు వస్తుంది, అది తెరిస్తే ఫోనులోకి యాప్ ఎక్కుతుంది. పెండ్లి పత్రిక ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తుంది, యాప్‌గా రాదు. తెలిసినవాళ్ల నంబరు నుంచి వచ్చినా తెరవొద్దు, వాళ్ల ఫోను అప్పటికే దొంగల చేతిలో ఉండొచ్చు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కరలేదు. పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు పోతోందని లెక్క.

ఒకవేళ పోయిందే అనుకోండి, ఇంట్లో తిడతారని దాచొద్దు. వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసి, ఆ వెంటే బ్యాంకుకు చెప్పండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు చేతులు మారకముందే ఆపే వీలు అంత ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2017లో పెట్టిన నియమం ప్రకారం, బ్యాంకు తప్పుగానీ మన తప్పుగానీ లేకుండా బయటివాళ్ల చేతివాటంతో పోతే మూడు పనిదినాల్లోపల బ్యాంకుకు చెప్పినప్పుడు ఆ భారం మన మీద పడదు. మనమే పిన్ చెప్పి ఉంటే బ్యాంకుకు చెప్పేదాకా పోయినది మనకే నష్టం, చెప్పినాక పోయేది బ్యాంకు భరించాల. అంటే మన పొరపాటైనా సరే, గంట ఆలస్యానికి కూడా రేటు ఉంది.

ఇంత చెప్పినాక మీకు ఫోను ముట్టుకోవాలంటేనే బెదురు పుట్టకూడదు. నొక్కి చూడటం వల్ల చెడిపోయేవి చాలా తక్కువ. ఏదో తెరలో ఇరుక్కుంటే వెనక్కి, వెనక్కి అని వచ్చేయండి, లేదా మొదటి తెరకు పోండి. అక్షరాలు మారినా, రంగు మారినా, శబ్దం పోయినా మళ్లీ తెచ్చుకోవచ్చు. డబ్బు, పిన్, ఓటీపీ, ‘మొత్తం చెరిపేయి’ అనే మాట, తెలీని లింకు. వీటి దగ్గర మాత్రం చెయ్యి ఆపి ఎవర్నైనా అడగండి. మిగతా చోట్లంతా ఆడుకోండి.

చివరగా మీ పాత ఫోను. పారేయొద్దు. బ్యాంకు ఖాతాకు ఇచ్చిన నంబరు ఏ సిమ్ముదో ఆ సిమ్ము కొన్నాళ్లు బటన్ ఫోనులోనే ఉంచండి. పెద్ద ఫోనులో ఇంకో సిమ్ము వేసుకొని, ఆ నంబరుతోనే వాట్సాప్ పెట్టుకొని నేర్చుకోండి. ఫోన్‌పే లాంటి యూపీఐ యాప్‌లు ఖాతాకు ఇచ్చిన సిమ్ము అదే ఫోనులో ఉంటేనే, దాన్నుంచి మెసేజి పంపి సరిచూసుకుంటేనే మొదలవుతాయి. సిమ్ము అక్కడ లేదు కాబట్టి మీరు తెలిసీ తెలియక ఏం నొక్కినా యూపీఐ మొదలు కాదు. బటన్ ఫోనుకు వచ్చే ఓటీపీని ఎవరడిగినా చదివి చెప్పకుంటే చాలు. ఈలోపల డబ్బు పంపాల్సి వస్తే బటన్ ఫోనులోనే స్టార్ 99 హ్యాష్ కొట్టి చేసుకునే యూపీఐ ఉంది, అది కూడా బ్యాంకులో అడిగి మొదలుపెట్టుకోండి. పెద్ద ఫోనులో కాల్, ఫోటో, స్క్రీన్‌షాట్ మూడూ ఎవర్నీ అడక్కుండా చేయగలిగిన రోజున సిమ్ము మార్చుకోండి. రెండు ఫోన్ల సిమ్ముల సైజు ఒకటి కాకపోవచ్చు, అందుకని ఆ పనికి మాత్రం సెల్లంగడికే పోండి.